కోటి తీసి పెట్టిన చైన్లు

చెన్నై తొండియార్‌పేటలో మా అంగడికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. తుపానుకు ఎగిరిపోయింది, మళ్లీ పెట్టించలేదు. హార్బరు గేటు దగ్గర ఎవరినడిగినా చైన్ల నాయుడి అంగడి ఇటు అని చెయ్యి చూపిస్తారు, ఇంక బోర్డెందుకు? ఓడల మీద సరుకు కట్టి కట్టి పక్కన పడేసిన ఇనప చైన్లను గుట్టగా కొని, మంచివి ఏరి, తుప్పు గీకి, నూనె రాసి అమ్మడం మా పని. కొత్త చైన్లు అమ్మే అంగళ్లు మా వీధిలోనే ఆరున్నాయి. అయినా లారీల వాళ్లు, క్రేన్ల వాళ్లు మా దగ్గరికే వచ్చేవాళ్లు. చెంగల్రాయుడు, అంటే నేను, చెవి పెట్టి విన్న చైను తెగదని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం వాళ్లకంటే నాకే ఎక్కువ.

మా నాయన పెరంబూరు రైల్వేలో చక్రాలు కొట్టి చూసే పని చేశాడు. బండి వచ్చి ఆగితే సుత్తి పట్టుకుని ఒక చివరినుంచి ఇంకో చివరికి నడిచేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది కుండపెంకులా టక్కుమంటుంది. చైను లింకు కూడా అంతే. చైనును కొక్కేనికి వేలాడదీసి ఒక్కో లింకునూ చిన్న సుత్తితో తాకిస్తే, కంటికి కనిపించని పగులు కూడా చెవికి దొరికిపోతుంది. పదేళ్ల వయసులో మా నాయన వెంట తిరిగి ఆ విద్య నేర్చుకున్నాను. నలభై ఏళ్లు దాంతోనే అన్నం తిన్నాను. గొప్పలు కూడా పోయాను. నేను చైను కొడుతుంటే అంగట్లో ఎవరైనా దగ్గినా కసురుకునేవాణ్ణి.

రెండేళ్ల కిందట ఆ చెవి పోయింది. మనుషుల మాటలు వినిపిస్తాయి. సన్నటి మోతలు మాత్రం పోయాయి. చైనును కొడితే చేతికి అదురు తెలుస్తోంది కాని, చెవికి ఏమీ అందడం లేదు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి పోతే చెవిలో మిషను పెట్టుకోమంటాడు. మిషను పెట్టుకున్న చైన్ల నాయుణ్ణి ఎవడు నమ్ముతాడు? అందుకని తల ఒక పక్కకు వంచి, కళ్లు సగం మూసి, పాత నాటకమే ఆడుతూ వచ్చాను. చెవి చేసే పని ఇప్పుడు నా చెయ్యి చేస్తోందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. రెండేళ్లలో ఒక్క చైనూ తెగిందని కబురు రాలేదు. దాంతో ఆ అబద్ధాన్ని నిజంగానే నమ్మేశాను. ఎంత సిగ్గులేని నమ్మకమో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చచ్చిపోతుంది.

మా అంగట్లో నేను కాక ఉండే మనిషి కోటి ఒక్కడే. ఇరవై ఆరేళ్లుగా ఉన్నాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. నేను చూసి పక్కన పెట్టిన చైనును లోపలికి తీసుకుపోయి తుడిచి నూనె రాసి తెచ్చి బండికి కట్టడం వాడి పని. మాటలు తక్కువ. నాకు ముక్కు మీద కోపం, వాడికి నోట్లో మాట ఉండదు. అందుకే అన్నాళ్లు నెట్టుకొచ్చాం అని అందరితో నవ్వుతూ చెప్పేవాణ్ణి.

మొన్న జూలైలో ఒక శనివారం పొద్దున పది గంటలకు ఆరోగ్యమేరి వచ్చింది. రాయపురంలో ఇరవై ఏళ్లు చేపలు అమ్మిన మనిషి. చేపల రాక తగ్గాక, తమ్ముడు మణిమారన్‌తో కలిసి ఒక చిన్న ట్రాక్టరు కొంది. గుమ్మిడిపూండి, తడ చుట్టుపక్కల మల్లెతోటలకు, కూరగాయల మళ్లకు దున్నకానికి అద్దెకు తిప్పాలని ఆమె ఆలోచన. ఆ ట్రాక్టరు రోడ్డు మీద నత్తలా నడుస్తుంది కాబట్టి దాన్ని ట్రైలరు మీద ఎక్కించి, ట్రైలరును పికప్ బండికి తగిలించి తీసుకుపోవాలి. ఆ రోజే మొదటి ప్రయాణం. మణిమారన్ బండిని మా అంగడి ముందు ఆపాడు. ఎర్రటి బుల్లి ట్రాక్టరు ట్రైలరు మీద కూర్చుని ఉంది, దాని ముక్కుకు ఆమె పూలదండ వేసింది.

"నాయుడన్నా, మంచి లావు చైను ఒకటి ఇయ్యి. మద్దెలో ఏసి బిగిచ్చి కట్టేస్తే అది యాడికి పోతాది?" అంది ఆరోగ్యమేరి.

"మద్దెలో తాడేసి కట్టేదానికి అదేమన్నా నీ చేపల బుట్టనా?" అన్నాను. "లావు ముఖ్యం కాదమ్మా. నాలుగు చైన్లు కావాల. ముందర రెండు, ఎనక రెండు. నాలుగూ నాలుగు మూలలకి లాగి పట్టుకోవాల."

"నాలుగా? సుమ్మా ఊరికే బయపెట్టొద్దన్నా. ట్రాక్టరుకు బ్రేకు ఉండాది, గేరులో ఏసి పెడతాం."

"బ్రేకు చక్రానికేసింది. ట్రాక్టరే ఎగిరి వస్తే బ్రేకు ఏం చేస్తాది? మణలి రోడ్డులో నీ ముందర కంటైనరు లారీ టక్కున ఆగింది అనుకో. నీ తమ్ముడు బ్రేకు తొక్కుతాడు. బండి ఆగతాది, ట్రాక్టరు ఆగదు. దగ్గర దగ్గర టన్ను బరువు. నీ సీటు ఎనకాలే కూర్చోనుండాది. అది ముందుకు రాకుండా పట్టుకునేది ఎనక కట్టిన రెండు చైన్లే. దాంట్లో ఒకటి తెగిందంటే రెండోది నిలబడదు. ఆ పైన నువ్వూ నీ తమ్ముడూ ఉండరు."

ఆమె గుండెల మీద శిలువ వేసుకుంది. మణిమారన్ మాత్రం ముందు చైన్లను చక్రాలు తిప్పే సన్న కమ్మీకి తగిలిస్తే తేలిగ్గా ఉంటుందన్నాడు. ఆ కమ్మీ వంగితే ట్రాక్టరు జన్మలో తిన్నగా పోదని వాడికి నాలుగు చీవాట్లు పెట్టి, ముందు ఇరుసు మీద ఎక్కడ తగిలించాలో, వెనక నాగలి తగిలించే దిమ్మకు ఎలా చుట్టాలో చూపించాను. వెనక తగిలించి ఉన్న దున్నే మిషనుకు విడిగా ఇంకో చిన్న చైను వెయ్యమన్నాను. ఇంతవరకూ నేను చెప్పిందంతా నిజమే. ఆ విద్యకు చెవితో పని లేదు.

తరవాత చైన్లు ఏరడం మొదలుపెట్టాను. లింకు మీద ఎనిమిది అంకె అచ్చు కొట్టి ఉన్నవే తీశాను, అవి గట్టి ఉక్కువి. వేలి లావువి నాలుగు, ఒకే పొడవువి. ఒక్కోదాన్నీ కొక్కేనికి తగిలించి, తల వంచి, కళ్లు మూసి కొట్టాను. ఆరోగ్యమేరి ఊపిరి బిగబట్టి నిలబడింది. నాకేమీ వినిపించలేదు. నాలుగోది కొత్తదానిలా తళతళలాడుతోంది, ఒక్క తుప్పు మరక లేదు. దాన్ని కొట్టి, తల ఊపి, "ఇది పెళ్లికూతురమ్మా. దీన్ని ఎనక ఎడం పక్క ఏస్తాం" అన్నాను.

"నువ్వు చెప్తే చాలన్నా. టోల్‌గేట్ కాడ బంకులో డీజిలు పోపిచ్చుకుని, ఆణ్ణించి తిన్నగా పోతాండాం" అంది.

కోటి నాలుగూ భుజాన వేసుకుని లోపలికి పోయాడు. బిగించే లీవర్ల కోసం నేను మెట్లెక్కి అటక మీద వెతికి, ఐదు నిమిషాల్లో దిగి వచ్చాను. వచ్చేసరికి కోటి మెట్ల కింద చీకట్లో వంగి, ఆ తళతళలాడే చైనును ఒక గోనెసంచిలోకి దించుతున్నాడు. పక్కన నేల మీద, తుప్పు రంగు పట్టిన ఒక పాత చైను సిద్ధంగా ఉంది.

"ఏందిరా ఇది?" అన్నాను.

వాడు ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదన్నా. ఇది ఏస్తే బాగుంటాదని."

"నేను చూసి ఇచ్చినదాన్ని నువ్వు మారస్తావా?"

గోనెసంచిని నేనే బయటికి లాగాను. అందులో ఇంకా చైన్లున్నాయి. ఒకటీ రెండూ కాదు. నాకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయిందనుకున్నాను. నేను ఏరిన మంచి చైన్లను వీడు దాచుకుని, జనానికి తుప్పువి అంటగడుతున్నాడు. దాచినవాటిని ఆదివారం సంతలో అమ్ముకుంటున్నాడు. నా అంగట్లో, నా పేరు మీద. నా ఒళ్లు భగ్గుమంది. సంచిని ఈడ్చుకుంటూ ముందుకు తెచ్చి, ఆరోగ్యమేరి, మణిమారన్ చూస్తుండగా కుమ్మరించాను.

"ఎన్నాళ్ల నుంచి జరగతా ఉండాదిరా ఇది?"

"అన్నా, ఆ చైను వద్దు," అన్నాడు కోటి. మెల్లగా అన్నాడు.

"ఎందుకు వద్దు?"

వాడు ఆరోగ్యమేరి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "వద్దన్నా. అంతే."

"దొంగనాకొడకా," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. అంతటితో కూడా ఆగలేదు. పెంచిన చెయ్యినే కరిచావన్నాను, నా అన్నం తిని నాకే గొయ్యి తవ్వావన్నాను. ఇరవై ఆరేళ్లలో వాడు ఒక్క గోరంత సీల కూడా ఇంటికి పట్టుకుపోలేదన్న సంగతి నాకు తెలుసు. కోపంలో అది గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే, గుర్తొచ్చినా పక్కకు నెట్టేశాను. తుప్పు చైనును కాలితో వాడి వైపు తోసి, "ఈ తుప్పు నువ్వే ఎత్తుకో. ఇంక ఈ అంగట్లో కాలు పెట్టొద్దు" అన్నాను.

కోటి చేతులు తుడుచుకున్నాడు. మొలలో ఉన్న అంగడి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. వంగి ఆ తుప్పు చైనును భుజానికెత్తుకుని బయటికి నడిచాడు. ఒక్క మాట తిరిగి అనలేదు. తప్పు చేసినవాడికి నోరెలా వస్తుందని నేను అనుకున్నాను.

"పావం అన్నా, పాత మనిషి," అంది ఆరోగ్యమేరి. మనసుకు ఏదో నచ్చనట్టు మొహం పెట్టింది.

"పాత మనిషి కాబట్టే ఇన్నాళ్లు తెలీలేదు," అన్నాను. ఆ తళతళలాడే చైనును నా చేతులతోనే తీసుకుపోయి వెనక ఎడం పక్క వేశాను. లీవరు మీద బరువంతా మోపి బిగించాను. చక్రాల కింద నేను నిమ్మకాయలు పెట్టాను, ఆమె ట్రైలరు మీద తీర్థం చల్లింది. పదకొండున్నరకు బండి కదిలింది.

బండి వెళ్లాక సంచిలోంచి కుమ్మరించిన చైన్లను తిరిగి సరుకులో కలుపుదామని కూర్చున్నాను. లెక్కపెడితే తొమ్మిది. ప్రతిదానికీ ఏదో ఒక లింకుకు పాత లుంగీ గుడ్డ పీలిక కట్టి ఉంది. ఎందుకు కట్టాడో తెలియలేదు. ఒకదాన్ని కొక్కేనికి తగిలించి, గుడ్డ కట్టిన లింకును కొట్టాను. అది కొట్టినా ఒకటే, పక్క లింకు కొట్టినా ఒకటే, నాకు రెండూ ఒకేలా మౌనంగా ఉన్నాయి.

చైను మీద అనుమానం తీర్చుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది. లింకును కిరసనాయిలులో నానబెట్టి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాలి. పగులుంటే లోపల దాక్కున్న నూనె మెల్లగా ఊరి, తెల్లటి సుద్దలో నల్లటి గీత తేలుతుంది. అది చెవిలేని వాళ్లు చేసుకునే పరీక్ష అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆ రోజు తలుపు సగం మూసి, ఎవరూ చూడకుండా చేశాను.

మొదటి చైనులో, గుడ్డ కట్టిన లింకు మీద, వెంట్రుక లాంటి గీత తేలింది. రెండోదాంట్లో తేలింది. మూడోదాంట్లో లింకు సగం చుట్టూ తేలింది. మిగతా అన్నిటిలోనూ తేలింది. అప్పుడు ఆ చైన్లను కూడా గుర్తుపట్టాను. నీలం రంగు కొక్కెం ఉన్నది ఐసు ఫ్యాక్టరీ వాళ్లకు నేను ఏరి ఇచ్చింది. పొడుగు లింకులది బోర్లు వేసే లారీకి ఇచ్చింది. తొమ్మిదీ నేను తల ఊపి మంచివన్నవే. వాటిలో ఒక్కటి కూడా అంగడి దాటి పోలేదు. రెండేళ్లుగా నేను పాస్ చేసిన చైనును లోపలికి తీసుకుపోయి, వాడు మళ్లీ కొట్టి చూసి, చెడ్డదైతే తీసిపెట్టి, అంతే పొడవున్న మంచిదాన్ని కట్టి పంపుతున్నాడు. రెండేళ్లుగా నా చెయ్యి కాపాడిందనుకున్న ప్రాణాలన్నీ వాడు కాపాడినవి.

పదోది ట్రైలరు మీద ఉంది. వాడు వద్దన్నది. నేను నా చేతులతో కట్టింది.

మా ఆవిడ సత్యభామ అన్నానికి పిలవడానికి మేడ దిగి వచ్చింది. నేల మీద చైన్లు, సుద్దపొడి, నా మొహం చూసి నిలబడిపోయింది. ఆరోగ్యమేరికి ఫోను చేశాను. నాలుగు మోతల తరవాత తీసింది. వెనకాల లారీల హారన్లు.

"మేరీ, బండి కొంచెం ఆపమ్మా," అన్నాను. రావాల్సిన మాటకు బదులు ఇంకోటి వచ్చింది. "బిల్లు ఈడే మర్చిపోయినావు."

"వాట్సాపులో పెట్టన్నా, ట్రాఫిక్కులో ఉండాం," అని పెట్టేసింది.

ఇద్దరి ప్రాణాల మీదికి వచ్చినా, నేను బిల్లు గురించి మాట్లాడాను. సత్యభామ నా ఎదురుగా కూర్చుంది.

"ఏమైంది?" అంది.

"ఆ చైనులో పగులుంది. నేను చూసుకోలేదు."

"చూసుకోలేదా, ఇనపడలేదా?"

నేను తలెత్తాను. ఆమె మొహంలో కోపం లేదు. "రెండేళ్లుగా కుక్కరు కూస్తా ఉంటే పక్కనే కూర్చుని పేపరు చదవతా ఉండావు. నాకు తెలీదనుకున్నావా? నువ్వే చెప్తావులే అని ఊరుకున్నా. ఇప్పుడు ఆ అమ్మికి చెప్పు. చెవుడు చెప్పుకుంటే పరువు పోతాది, అంతే గదా. ప్రాణం పోతే ఎవరిస్తారు?"

మళ్లీ ఫోను చేశాను. తియ్యలేదు. మళ్లీ చేశాను. ఒక్కో మోతకూ మణలి రోడ్డు మీద కంటైనర్ల వరస, మధ్యలో ఆ చిన్న బండి, వెనక పూలదండ వేసుకున్న టన్ను ఇనుము కళ్ల ముందు కదిలాయి. మూడోసారికి తీసింది.

"మేరీ, బండి ఆపు. ఎక్కడున్నా సరే పక్కకు తీసి ఆపు. ఎనక ఎడం పక్క చైను మంచిది కాదు. నేను దాన్ని కొట్టినా, నాకేం ఇనపడలేదు. నాకు చెవుడమ్మా. రెండేళ్లయింది. కోటి వద్దన్నది అందుకే. వాడు దొంగ కాదు. నేనే దొంగని."

"ఏందన్నా నువ్వు చెప్పేది?" అంది ఆరోగ్యమేరి. "ఆ చైను బంకు కాడనే మార్చినాడు గదా కోటన్న. మాకంటే ముందే ఆటోలో వచ్చి నిలబడుండాడు. నువ్వే పంపినావంటనే? 'అన్నకు ఎందుకో ఆ చైను మీద అనుమానం వచ్చింది, పోయి మార్చి రా అన్నాడు' అని చెప్పినాడు. ఆ పాతది ఏసి, నీదాన్ని ఇప్పుకుని ఎత్తకపోయినాడు. కోపం దిగిపోయి ఇద్దరూ కలిసిపోయినారనుకుంటిమి."

నేను బల్ల మీద కోటి పెట్టిపోయిన తాళంచెవి వైపు చూశాను.

"అయితే నువ్వు పంపలేదా?" అంది.

"లేదమ్మా."

ఆ చేపల మనిషి గొంతులో ఎప్పుడూ వినని మెత్తదనంతో, "సరేలే అన్నా. నీ చెవి సంగతి నేను ఎవురికీ చెప్పను" అంది. నన్ను నాలుగు తిట్టుంటే నయంగా ఉండేది. దొంగ అని నేను నలుగురి ముందు వెళ్లగొట్టిన మనిషి, నేను కాలితో తోసిన చైనును మోసుకుపోయి, నా పేరు చెప్పి కట్టి వచ్చాడు. వాడు నిలబెట్టిన పరువు కాస్తా అరగంట తరవాత నా నోటితో నేనే తీసుకున్నాను. ఆ బిల్లు మాట కాకుండా మొదటే నిజం చెప్పుంటే కనీసం నా మీద నాకు కొంచెం గౌరవమైనా మిగిలేది.

అన్నం తినలేదు. ఎండ దిగకముందే అంగడి మూసి కోటి ఇంటికి పోయాను. టోల్‌గేట్ అవతల సందులో, మూడు మెట్ల మీద రెండు గదుల ఇల్లు. వాడి భార్య జయంతి నన్ను చూసి కుర్చీ తెచ్చి వేసి లోపలికి పోయింది. ఎప్పుడు పోయినా వద్దంటున్నా కాఫీ పెట్టే మనిషి, ఆ రోజు మంచినీళ్లు కూడా అడగలేదు. కోటి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"నాది తప్పురా కోటీ," అన్నాను.

"సరేలే అన్నా."

"సంచిలో తొమ్మిదీ చూసినా. సుద్ద ఏసి చూసినా."

"ఊ."

"నీకు ఎప్పటి నుంచి తెలుసురా?"

వాడు సందు వైపు చూస్తూ చెప్పాడు. "ముందటేడు ఆడి నెలలో, ఇదే జూలై. క్రేనోళ్లకి చైను కొట్టినావు. నాలుగో లింకు సచ్చిపోయి ఉండాది, అంత దూరంలో నిలబడిన నాకే తెలిసింది. నువ్వు మంచిదని తలూపినావు. నీ మొకం చూసినా. నీకు ఇనపడలేదని తెలిసిపాయ."

"నాతో ఒక మాట చెప్పుంటే ఏమిరా? ఎవరూ లేనప్పుడన్నా చెప్పుండొచ్చు గదా."

"నేనెట్ట చెప్పేదన్నా? చెప్పాల్సింది నువ్వు." మొదటిసారి వాడి గొంతు పైకి లేచింది. "రెండేళ్లు చూసినా. దినామూ అంగడి తలుపు తీసేటప్పుడు అనుకుంటా, ఈ దినం చెప్తాడు, కోటీ నాకు ఇనపడలేదురా, నువ్వు ఇని చెప్పు అంటాడు అని. ఆ ఒక్క మాట అనుంటే సచ్చేదాకా నీ పక్కన కూర్చుని ఇని ఉందును. నువ్వు అనలా. సరే, పెద్దోడు, నామోషీ అనుకున్నా. ఈ పొద్దు ఆ చైను నా చేతిలో చూసినావు. నేను ఆ చైను వద్దంటే, ఎందుకు వద్దన్నాడో నీకు తోచాల. నీ చెవి సంగతి నీకు తెల్సు గదా. నీకు అది తోచలా, దొంగ అని తోచింది."

నిజంగానే నాకు అదే మొదట తోచింది. నా లోపాన్ని తలుచుకోవడంకంటే వాడిలో దొంగను చూడడం నాకు తేలికైంది.

"రేపటి నుంచి అందరికీ చెప్తాను," అన్నాను. "చైన్లు నువ్వే కొట్టు. నేను గల్లా దగ్గర కూర్చుంటాను. కోటి చెప్పిందే చెల్లతాదని నేనే చెప్తాను. రారా."

కోటి లేచి లోపలికి పోయాడు. తళతళలాడే చైను తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. ఒక లింకుకు గుడ్డ పీలిక కట్టి ఉంది.

"ఇదో, నీ సామాను. ఎవురికీ ఇయ్యొద్దు," అన్నాడు.

ఈ రెండేళ్లలో వాడు నాతో ఏం చెప్పాలన్నా నేనున్న చోటికి వచ్చి, నా ఎదుట నిలబడి, నా మొహం చూస్తూ నిదానంగా చెప్పేవాడు. వయసు మీద పడేకొద్దీ వీడికి నా మీద మర్యాద పెరిగిందని నేను మురిసిపోయేవాణ్ణి. ఎందుకలా వచ్చి నిలబడేవాడో ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు గాని నాకు తెలియలేదు. నేను కుర్చీలోంచి లేచి, "రేపు వస్తావు గదా?" అని మళ్లీ అడిగాను.

వాడు ఈసారి దగ్గరికి రాలేదు. గడప దగ్గరే నిలబడి, చెవిటివాళ్లతో అందరూ మాట్లాడినట్టు, సందంతా వినిపించేలా గొంతెత్తి అరిచాడు.

"నేను రాను అన్నా! ఇనపడిందా? రాను!"

ఎదురింటి వాళ్లు తలుపు తీసి చూశారు. వినిపించిందని తల ఊపాను.